మాట ఆగితే బరువు ఆగాలి

ఆ పనిచోట అందరూ అతన్ని పైవాడు అనేవారు. నలభై దాటిన మనిషి, టవర్ క్రేన్ నడిపేవాడు. పొద్దున్నే నిచ్చెనెక్కి క్యాబిన్‌లో కూర్చుంటే సాయంత్రం దాకా దిగడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇటుకలు మోసేవాళ్ళకీ కడ్డీలు వంచేవాళ్ళకీ రోజుకోసారైనా ఆ పేరుతో హాస్యమాడకపోతే పొద్దు గడిచేది కాదు. "పైవాడి దయ ఉంటే ఇవాళ స్లాబు పడుతుంది" అని ఒకడంటే, "ఆయనకి మన మొర వినబడాలంటే వాకీటాకీలోనే చెప్పుకోవాలి" అని ఇంకొకడు అందుకునేవాడు. అతను నవ్వేవాడు, లేదా నవ్వాడని వాళ్ళు అనుకునేవారు. అంత ఎత్తున కూర్చున్నవాడి మొహం కిందివాళ్ళకి ఎలాగూ కనబడదు.

పైవాడి కళ్ళు మాత్రం కిందే ఉండేవి, అదీ వేరే మనిషి మొహంలో. భవనానికి అవతలి పక్క దించాల్సిన బరువు క్యాబిన్‌లోంచి కనిపించదు. అక్కడ వాకీటాకీ పట్టుకుని నిలబడ్డ సిగ్నల్ మనిషి చెప్పినట్టల్లా లివర్ కదపాలి. ఆ సిగ్నల్ మనిషిని పెద్దగొంతు అనేవారు. రహస్యం చెప్పినా పక్కవీధికి వినబడే రకం. "దించు, దించు, దించు, ఇంకా దించు, మెల్లగా, దించు, ఆపు." బరువు కదులుతున్నంతసేపూ ఆ నోరు ఆగకూడదు. ఆగిందంటే పైనున్న చెయ్యి కూడా అక్కడికక్కడే ఆగిపోవాలి. బ్యాటరీ అయిపోయిందో, మనిషే కాలు జారి పడ్డాడో పైనున్నవాడికి ఏం తెలుస్తుంది? మాట ఆగితే బరువు ఆగాలి. పని నేర్పిన గురువు మొట్టికాయలు వేసి మరీ నేర్పిన పాఠం ఇది. ఇన్నేళ్ళలో పైవాడు దాన్ని ఒక్కసారి కూడా తప్పలేదు.

మంచి నియమమే, కాదనను. దానివల్ల ఎందరి తలకాయలు నిలిచాయో లెక్కలేదు. కాకపోతే భోజనం క్యారియర్‌తోపాటు ఆ నియమాన్ని కూడా అతను రోజూ ఇంటికి మోసుకుపోయేవాడు. ఆ సంగతి అతనికే తెలియదు.

ఇంట్లో ఉండేది భార్య ఒక్కతే. పెళ్ళికి ముందు ఆమె ఒక సైటు క్యాంటీన్‌లో పనిచేసేది. క్రేన్ కింద నిలబడి నడుం మీద చెయ్యేసుకుని, "దొరగారు దిగివస్తారా, టీ కూడా కొక్కేనికి తగిలించి పంపమంటారా" అని అరిచిన మనిషిని ప్రేమించకుండా ఉండటం అతనివల్ల కాలేదు. ఇద్దరూ నువ్వంటే నువ్వని పోట్లాడుకుంటూనే పెళ్ళి చేసుకున్నారు. కాపురంలో మాటలు ఆమె వాటా, ఊ కొట్టడం అతని వాటా. ఆ పంపకం ఇద్దరికీ బాగానే కుదిరింది.

చాలా ఏళ్ళకి ఆమె కడుపు పండింది. నెలలు నిండాయి, ఇక ఆసుపత్రికి వెళ్ళడమే తరువాయి అనుకుంటుండగా లోపల బిడ్డ కదలడం మానేసింది. ఆమెకి మత్తిచ్చి, కోసి తీశారు. ఆమె కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. నర్సు బిడ్డని తెల్లగుడ్డలో చుట్టి అతని చేతుల్లో పెట్టింది. అతను చూశాడు. తర్వాత అతనూ అతని తల్లీ తీసుకెళ్ళి మట్టిలో పెట్టి వచ్చారు. కన్నతల్లికి మాత్రం చూపించలేదు. చూస్తే తట్టుకోలేదని అత్తగారూ వార్డు నర్సూ కలిసి తేల్చేశారు. అంతటితో ఆగినా బాగుండేది. కోడలు ఇంటికి వచ్చేలోపు ఆ పెద్దావిడ, బిడ్డకోసం కొనిపెట్టిన చిన్నచిన్న బట్టలు, దుప్పటి, పాలసీసా అన్నీ మూటకట్టి ఎవరికో ఇచ్చేసింది. "బిడ్డ ఊసెత్తకురా నాయనా, పచ్చిపుండు. తనే అడిగితే అప్పుడు చూద్దాం" అని కొడుక్కి చెప్పి తన ఊరు వెళ్ళిపోయింది. మేలు చేస్తున్నాననుకునే చేసింది, ఆవిడనని ఏం లాభం.

ఆమె అడిగింది ఒక్కటే. ఆసుపత్రి మంచం మీద, మొహం గోడవైపు తిప్పుకుని, "బాబా, పాపా?" అంది. "పాప" అన్నాడు. ఆ తర్వాత ఆమె మాట ఆగింది. అతనూ ఆగాడు.

అలా ఆగిన మనిషి రెండేళ్ళు దాటినా అలాగే ఉన్నాడు. ఇంట్లో మాటలే లేవని కాదు. నీళ్ళొచ్చాయి, గ్యాసైపోయింది, పై అంతస్తువాళ్ళ తడిబట్టలు మన కిటికీ మీద కారుతున్నాయి, ఇలాంటివి ఉన్నాయి. పాలు గడ్డకట్టి, నొప్పితో గుండెలకి గుడ్డ బిగించి కట్టుకుని ఆమె వంటగది గోడకి ఆనుకుని కూర్చున్న రోజుల్లో, అతను గుమ్మంలో నిలబడి ఆమె ఏమైనా అంటుందేమోనని చూశాడు. అనలేదు కాబట్టి పనికి వెళ్ళిపోయాడు. బెల్లం కొట్టిన రాయిలా ఉన్నాడు, వీడికి గుండె ఉందా అని ఆమె అనుకుంది. అనుకోదా మరి? అత్తగారు ఎలాగూ చెప్పదు, ఆ బిడ్డ మొహం ఎలా ఉంటుందో ఈ లోకంలో చెప్పగలిగిన మనిషి ఆమెకి ఇతనొక్కడే. ఇతనేమో ఆమె అడగాలని కూర్చున్నాడు.

చివరికి ఆమె అక్క ఫోన్ చేసింది. ఆవిడకి వేరే ఊళ్ళో బట్టల దుకాణం ఉంది. "ఇక్కడికి వచ్చేయవే. నాకు దుకాణంలో మనిషి కావాలి, నీకు మాట్లాడే మనిషి కావాలి" అంది. గ్యాసైపోయిందని చెప్పే గొంతుతోనే ఆమె మొగుడికి చెప్పింది.

"నెలాఖరుకి అక్క దగ్గరికి వెళ్తున్నాను."

"ఎన్నాళ్ళు?"

"వెళ్తున్నాను" అంది మళ్ళీ.

అతనికి అర్థమైంది. తల ఊపి చేతులు కడుక్కోవడానికి లేచాడు.

ఆ వారంలోనే సైటులో గొడవ జరిగింది. భవనం వెనకవైపు కాంక్రీటు బకెట్ దించుతుండగా పెద్దగొంతుకి దగ్గు తెర వచ్చి మాట తెగింది. బరువు ఆగింది, అంతవరకు సరే. దగ్గు తగ్గాక అతను మళ్ళీ "దించు, దించు" అన్నాడు. పైవాడి చేతులు కదల్లేదు. "దించవయ్యా బాబూ" అని బతిమాలాడు. ఇంజినీరు వాకీటాకీ లాక్కుని నానా మాటలూ అన్నాడు. పైవాడికి అన్నీ వినబడుతూనే ఉన్నాయి. కుడిచెయ్యి లివర్ మీదే ఉంది, అది తనది కాదన్నట్టు ఉంది. కింద మేస్త్రీలు పారలు పట్టుకుని ఎదురుచూస్తుండగా కాంక్రీటు గాల్లోనే బిగుసుకోవడం మొదలుపెట్టింది. ఇంకో ఆపరేటర్ నిచ్చెనెక్కి, అతన్ని లేపి, బకెట్ దించాల్సి వచ్చింది.

దాంతో పైవాణ్ణి కిందికి దించారు. ఆ మాట మీద సైటులో ఒక రోజంతా నవ్వుకున్నారు. రెండో రోజునుంచి అతని మొహం చూసి మానేశారు. కొక్కేలు, గొలుసులు, బరువుకి కట్టే బెల్టులు దాచే ఇనుప కంటైనర్‌లో అతన్ని కూర్చోబెట్టారు. తుప్పు గీకడం, గ్రీజు రాయడం, చిరిగిన బెల్టులు వేరుచేయడం అతని పని. సేఫ్టీ ఆఫీసరు మంచివాడే. ఫోన్‌లో ఏదో తెరిచి చూపించాడు.

"కంపెనీ ఏర్పాటు చేసింది. వారానికోసారి వీడియోలో మాట్లాడాలి. ఆవిడ లైసెన్సున్న సోషల్ వర్కర్."

"పిచ్చి డాక్టరా సార్?"

"కాదయ్యా. ఇంట్లో ఇబ్బందులు, దిగులు, నిద్ర పట్టకపోవడం, ఇలా మామూలు బతుకు బాధలు చెప్పుకోవడానికి. నీకు క్రేన్‌కి లైసెన్సు లేదూ, ఆవిడకి దీనికి ఉంది. ఆవిడ సరేనంటేనే నువ్వు మళ్ళీ పైకెక్కేది."

పక్కనే ఉన్న పెద్దగొంతు, "మా ఆవిడ ఏ లైసెన్సూ లేకుండానే ఇన్నేళ్ళుగా నా బుర్ర తింటోంది సార్" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి, అతనే తలదించుకుని, "వెళ్ళన్నా, మాట్లాడు" అన్నాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ, కంటైనర్ తలుపు ఓరగా వేసుకుని, గ్రీజు డబ్బాకి ఫోన్ ఆనించి కూర్చున్నాడు. తెరమీద కళ్ళద్దాలు పెట్టుకున్న ఆవిడ కనిపించింది. వెనకాల ఇంటి కర్టెన్, పక్కన ఒక ఇస్త్రీబల్ల. ఆఫీసులా ఉంటుందనుకున్నాడు, ఇల్లే. తనెవరో చెప్పింది. ఇక్కడ అనుకున్నది బయటికి పోదంది. ఇంట్లో ఎలా ఉందని అడిగింది.

"బాగానే ఉంది మేడమ్."

ఆవిడ మాట్లాడలేదు. చెప్పేవాళ్ళకి వ్యవధి ఇవ్వాలని ఆవిడ చదువులో నేర్పి ఉంటారు. ఓపిగ్గా, దయగా చూస్తూ కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. కంటైనర్‌లో ఫ్యాను గరగరమంటోంది. ఫోన్ పాడైందేమోనని అతను ఒకసారి వంగి చూశాడు. ఆవిడ కళ్ళు ఆర్పడం కనిపించి వెనక్కి జరిగాడు. మళ్ళీ ఆవిడ ఇంకేదో అడిగింది, అతను ఒక ముక్క చెప్పాడు, ఆవిడ ఆగింది, అతనూ ఆగాడు. ఆ రోజు అలాగే అయిపోయింది. రెండో వారం కూడా అంతే. నోరు విప్పడం ఇష్టంలేని మనిషని ఆవిడ అనుకుంది. ఏమీ చెప్పదలుచుకోని ఆవిడని పెట్టారేమిటని అతను అనుకున్నాడు.

మూడో వారం ఆవిడ ఉండబట్టలేక అడిగేసింది.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. నేను మాట్లాడటం ఆపగానే మీరూ ఆపేస్తారేం?"

అతనికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "మాట ఆగితే ఆగాలి కదా మేడమ్" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

చెప్పాడు. పనిమాట కాబట్టి నోరు బాగానే వచ్చింది. కనబడని బరువు సంగతి, పెద్దగొంతు సంగతి, మొట్టికాయల గురువు సంగతి అన్నీ చెప్పాడు. వింటూ వింటూ ఆవిడ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది.

"అయితే ఇన్నాళ్ళూ నేను ఊరుకున్నప్పుడల్లా మీకు ఆపమని చెబుతున్నానన్నమాట" అంది.

"మరి కాదా మేడమ్?"

"కాదు. చెప్పమని." ఆవిడ కాస్త సిగ్గుపడింది. "తప్పు నాదే. మళ్ళీ మొదలుపెడదాం. నేను ఊ కొడుతూ ఉంటాను, మీరు ఆపేదాకా ఆపను. మీకు ఏది బరువుగా ఉందో అది చెప్పండి."

"ఊ" అంది.

అతను ఫ్యాను వైపు చూశాడు.

"ఊ" అంది మళ్ళీ. "ఉన్నాను. ఊ."

"పాప పుట్టింది మేడమ్" అన్నాడు. "పుట్టడం అంటే, పోయే పుట్టింది."

"ఊ."

తర్వాత ఎలా చెప్పాడో అతనికి సరిగా గుర్తులేదు. నర్సు తలుపు తోసుకుని రావడం, చేతులు ఎలా పెట్టాలో తెలియక తను రెండు చేతులూ బల్లలా చాచడం చెప్పాడు. గుడ్డ కింద నుంచి నుదుటి మీదికి జుట్టు అంటుకుని ఉంది, తడిగా, ఒత్తుగా. ముక్కు తమ వైపుది కాదు, పోయిన మామగారిది, ఆయన ఉంటే ఎంత మురిసిపోయేవాడో. పై పెదవి మధ్య నొక్కు వాళ్ళమ్మది. ఒక చెయ్యి గుడ్డలోంచి బయటికి వచ్చి ఉంది. గోళ్ళు పొడుగ్గా ఉన్నాయి, కత్తిరించాల్సినంత. అన్నీ సిద్ధం చేసుకునే వచ్చింది మేడమ్, గోళ్ళతో సహా. నిద్రపోతున్న మొహం కాదు, నిద్రపోయేవాళ్ళు అలా ఉండరు. పెదాలు నల్లబడ్డాయి. నేను పేరు పెట్టి పిలవాలేమో అనుకున్నాను, పేరు అనుకోలేదు ఇంకా. మా అమ్మ ఇటివ్వరా అంది, ఇచ్చేశాను.

ఆవిడ ఇంట్లో ఎవరో పిల్లవాడు తలుపు కొట్టి, "అమ్మా, ఇంకా ఎంతసేపు" అన్నాడు. ఆవిడ అటు తిరగలేదు, ఊ కొట్టడం ఆపలేదు. పైవాడు గ్రీజు చేతులతోనే మొహం కప్పుకున్నాడు. పెళ్ళాం ముందు ఏడవలేనివాడు తుప్పు గొలుసుల మధ్య కూర్చుని, ఏ ఊళ్ళో ఉందో కూడా తెలియని మనిషి ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

భార్య నెలాఖరుకి వెళ్ళిపోతోందని కూడా చెప్పి అతను మొహం తుడుచుకున్నాక ఆవిడ అడిగింది.

"ఇది మీ ఆవిడకి ఎప్పుడైనా చెప్పారా?"

"ఆమె అడగలేదు మేడమ్."

"ఆవిడ ఊ కొట్టకపోయినా చెప్పగలరా?"

"అది ప్రమాదం మేడమ్. మాట లేకుండా బరువు కదిపితే కిందవాళ్ళు నలిగిపోతారు."

ఆవిడ ఆలోచనలో పడి, ఊ ఆపకూడదని అంతలోనే గుర్తొచ్చి, "ఊ, ఆలోచిస్తున్నాను" అంది. తర్వాత, "మీరు సాయంత్రం క్యాబిన్ దిగేటప్పుడు కొక్కేనికి బరువుంటే ఏం చేస్తారు?" అని అడిగింది.

"ఉండకూడదు. బరువు వేలాడేసి దిగిపోకూడదు. కిందపెట్టే దిగాలి" అన్నాడు.

"నెలాఖరుకి ఆవిడ వెళ్తున్నారన్నారు."

"అవును మేడమ్. చెబితే ఉంటుందంటారా?"

"అది నేను చెప్పలేను. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మీరు ఇంత ఆలస్యంగా చెప్పినందుకు ఇంకా కోపం రావచ్చు. అయినా అది ఆవిడది, ఆవిడకి చేరాలి."

ఆ సాయంత్రమే చెబుదామనుకున్నాడు. మెట్లెక్కుతూ మొదటి మాట సిద్ధం చేసుకున్నాడు. లోపల ఆమె వంటగదిలో గిన్నెలు తోముతోంది. వెనక నిలబడ్డాడు. నీళ్ళ చప్పుడు ఆగేదాకా ఉందామనుకున్నాడు. ఆగాక ఆమె చేతులు తుడుచుకుని, ఏమిటన్నట్టు చూసింది. "ఏం లేదు" అన్నాడు. మర్నాడు కూడా నీళ్ళు నమిలాడు. ఆ మర్నాడు కూడా. ఒకరోజు ఆమె భోజనం వడ్డిస్తుండగా "అదీ..." అని గొంతు సవరించుకుంటే ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, కదలకుండా, ఊపిరి కూడా తీస్తున్నట్టు లేదు. ఆ నిశ్శబ్దం అతనికి ఆపమన్నట్టే తోచింది. "ఉప్పు తక్కువైంది" అన్నాడు. ఆమె ఉప్పు తెచ్చి పెట్టింది. ఆ నిమిషం గురించి తలుచుకుంటే నాకు వీణ్ణి పట్టుకుని రెండు తగిలించాలనిపిస్తుంది.

ఇంక రేపు ప్రయాణమనగా, సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మంచం మీద సంచి తెరిచి ఉంది. ఆమె చీరలు మడతపెట్టి ఒక్కొక్కటీ అందులో సర్దుతోంది. అతను చెప్పులు కూడా విడవలేదు. గుమ్మంలోనే నిలబడి, "పాపకి జుట్టు ఒత్తుగా ఉంది" అన్నాడు.

ఆమె చేతులు ఆగలేదు. చీర అంచు అంచుకి కలిపి, గడ్డం కింద పట్టుకుని, మడిచింది. ఒక్క మాట అనలేదు.

ఇన్నేళ్ళ అలవాటు, ఆపెయ్యమని ఒళ్ళంతా అరుస్తోంది. "నుదుటి మీదికి పడి ఉంది. తడిగా" అన్నాడు. ఆమె ఇంకో చీర తీసింది. "గోళ్ళు పెరిగాయి. ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది, ఇలా." చూపించాడు. ఆమె చూడలేదు. ఎక్కడ ఏం నలుగుతోందో తెలియకుండా చీకట్లో తోసుకుపోతున్నట్టు అతను చెబుతూనే పోయాడు. పెదవి నొక్కు నీదే అన్నాడు. ముక్కు మాత్రం మామయ్యది అన్నాడు.

ఆమె చేతుల్లో చీర సగం మడతలో ఆగింది.

"నాన్న ముక్కా?"

"అచ్చం."

"చివర కిందికి వంగుతుంది చూడు, అలానా?"

"అలానే. చిన్నది, కానీ అలానే."

ఆమె మంచం మీద కూర్చుంది. "ఇంకా?" అంది. చెప్పాడు. పెదాలు నల్లబడ్డ సంగతి దాచుదామనుకున్నాడు, దాచలేదు, అదీ చెప్పాడు. మట్టిలో పెట్టిన చోటు ఎక్కడో చెప్పాడు, పక్కన గోడ, గోడకి అవతల బడి ఉందని చెప్పాడు. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇల్లు మసకబారింది, ఎవరూ లైటు వెయ్యలేదు.

"ఇదంతా నీ దగ్గరుంది" అంది ఆమె. గొంతులో కోపం కూడా లేదు. "ఇన్నాళ్ళూ నీ దగ్గరే ఉంది. ఒక్కడివే ఉంచుకున్నావు."

"నువ్వడుగుతావని..."

"నేనేమని అడగాలి? నేను చూశానా? చూసినవాడివి నువ్వు. రోజూ నువ్వు తలుపు తోసుకుని వచ్చినప్పుడల్లా ఇవాళ చెబుతాడు, ఇవాళ చెబుతాడు అనుకునేదాన్ని. కొన్నాళ్ళకి, అసలు చూశాడో లేదో అనుకున్నా. చూసినవాడైతే ఇలా తింటాడా, ఇలా పడుకుంటాడా అనుకున్నా." ఒళ్ళో చీరని వేళ్ళతో నలుపుతూ, "ఇప్పుడు ఎవరు చెప్పమన్నారు?" అంది.

"మేడమ్. కంపెనీవాళ్ళు ఫోన్‌లో మాట్లాడించారు."

"ఆవిడకి చెప్పావా?"

"చెప్పాను."

"ముక్కు సంగతి కూడా?"

అతను తల ఊపాడు.

"నాకంటే ముందు" అంది ఆమె. అని, ఆ చీరలోనే మొహం దాచుకుంది. రెండేళ్ళుగా అతను వినని ఏడుపు అది, అరుపు లేదు, లోపలెక్కడో బట్ట చింపుతున్నట్టు ఉంది. అతను వెళ్ళి మంచానికి రెండో చివర కూర్చున్నాడు. ఆమె దగ్గరికి జరగమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఈసారి అతను చెయ్యి చాచి ఆమె పాదం మీద వేశాడు. ఆమె పాదం వెనక్కి తీసుకోలేదు. ఉండిపోతుందేమోనని అతనికి ఆశ పుట్టింది. పుట్టదా? మనిషన్నాక పుడుతుంది.

పొద్దున ఆమె సంచి జిప్పు వేసింది. "అక్కకి మాటిచ్చాను" అంది. కాసేపాగి, "ఈ ఇంట్లో నాకు ఊపిరాడట్లేదు" అని కూడా అంది, అది నిజమైన కారణం కాబట్టి. అతను వద్దనలేదు. సంచి తనే మోశాడు.

బస్టాండ్‌లో జనం ఎక్కువగా లేరు. ఆమెకి కిటికీ పక్క సీటు దొరికింది. అతను కింద నిలబడ్డాడు. నీళ్ళ సీసా అందించాడు, చేరగానే ఫోన్ చెయ్యమన్నాడు, చేస్తానంది. బిస్కట్లు కావాలా అంటే వద్దంది. డ్రైవరు ఎక్కి తలుపు వేశాడు. అప్పుడు ఆమె కిటికీ ఊచల మీదికి వంగింది.

"చెవులు?" అంది.

అతనికి ముందు అర్థం కాలేదు.

"పాప చెవులు ఎలా ఉన్నాయి? నావి చూడు, కింద అతుక్కుని ఉంటాయి. నీవి వేలాడతాయి. దానివి ఎలా ఉన్నాయి?"

అతను ఆమె చెవుల వైపు చూశాడు. ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు. నీలాంటివే అనొచ్చు, ఆమె ఆ మాటతో ఆ ఊరు దాకా వెళ్ళొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"చూడలేదు" అన్నాడు. "గుడ్డ చుట్టి ఉంది. చెవులు కప్పేసి ఉన్నాయి."

ఇంజను మొదలైంది. ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది, తిట్టడానికి కాదు, అక్కడ ఇంకేమైనా మిగిలిందేమో వెతుకుతున్నట్టు.

"కాస్త తీసి చూడాల్సింది" అంది. "నేనైతే చూసేదాన్ని."

బస్సు వెనక్కి జరిగి, మలుపు తిరిగి, రోడ్డెక్కింది.